ఆడపిల్ల పేరుకు స్పెల్లింగు ఎంచుకోవడం ఎలా

బారసాల నాడు పళ్లెంలో పోసిన బియ్యం మీద తండ్రి బంగారు ఉంగరంతో పాప పేరు రాస్తాడు. ఆ పేరు అక్కడ తెలుగు అక్షరాలలోనే ఉంటుంది. జనన ధ్రువపత్రంలో పేరు చేర్పించే రోజు వచ్చేసరికి మాత్రం ఇంగ్లీషులో హెచ్ ఉండాలా వద్దా, ఐ ఒకటి చాలా లేక 'ఈ' అక్షరం రెండుసార్లు కావాలా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. తెలుగు రూపం తేలకుండానే ఇంగ్లీషు రూపం కోసం వాదించుకోవడం వల్లనే ఈ చిక్కు వస్తున్నదని నా నమ్మకం. పేరుకు అర్థం ఏమిటో తెలుసుకుని, ఆ అర్థాన్నిచ్చే తెలుగు అక్షరాలను ముందుగా స్థిరపరచుకుంటే, ఇంగ్లీషు అక్షరాల విషయంలో సగం ప్రశ్నలు వాటంతట అవే తీరిపోతాయి.

శ్రుతి అనే పేరునే తీసుకుందాం. వినడం అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టిన ఈ మాటకు వినబడినది, వేదం, సంగీతంలోని ఆధార స్వరం అనే అర్థాలున్నాయి. ఇందులో ఉన్నది శకారానికి రేఫ, ఆపైన ఉకారం. అయినా శుభలేఖల మీదా హాజరుపట్టీలలోనూ శృతి అని వట్రుసుడితో రాసినదే ఎక్కువగా కనిపిస్తుంది. తెలుగువారి నోట ఋకారం రు అని పలుకుతుంది గనుక చెవికి రెండింటికీ తేడా తెలియదు. దీనికి విరుద్ధంగా ధృతి, స్మృతి, కృతి అనే పేర్లలో నిజంగానే వట్రుసుడి ఉండాలి. ధైర్యం అనే అర్థంలో పేరు పెట్టదలచినవారు ధృతి అనే రాయాలి. ధ్రుతి అని రాస్తే ఆ అర్థం నిలవదు.

స్రవంతి విషయంలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. ప్రవహించేది గనుక నదికి స్రవంతి అని పేరు; అది సకారంతో మొదలవుతుంది. శ్రావణి, శ్రావ్య అనేవి శకారంతో మొదలవుతాయి. ఇంగ్లీషులో మూడింటికీ ఎస్ పక్కన ఆర్ రాయడం మనకు అలవాటు కావడంతో, ఆ ఇంగ్లీషు రూపాన్ని చూసి తిరిగి తెలుగులో రాసేవారు స్రవంతిని శ్రవంతిగా మార్చేస్తున్నారు. అందమైన చిరునవ్వు గలది అనే సుస్మిత సుష్మితగా మారడం, అసూయ లేనిది అనే అర్థం గల అనసూయ అనుసూయ కావడం కూడా ఇలా చెవిని మాత్రమే నమ్మి రాయడం వల్లనే. పేరు నిర్ణయించుకున్న రోజే ఒక మంచి నిఘంటువు తెరిచి, లేదా ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో వెతికి, ఆ మాట ఏ అక్షరాలతో ఉన్నదో చూసుకోవడానికి పది నిమిషాలు చాలు.

పేరు చివర ని రాయాలా ణి రాయాలా అన్నది ఆడపిల్లల పేర్లలో తరచుగా ఎదురయ్యే సందేహం. ఒకే మాటలో ర, ష, ఋ అనే ధ్వనులలో ఏదైనా ముందుగా వచ్చినప్పుడు ఆ తర్వాతి నకారం ణకారంగా మారుతుంది. అందువల్లనే వర్షిణి, హర్షిణి, రోహిణి, తరంగిణి అని రాస్తాం. ఆ రెంటి మధ్య చ, ట, త వర్గాల అక్షరాలు గాని ల, శ, స గాని అడ్డు వస్తే నకారం మారదు కాబట్టి ప్రియదర్శిని, రంజని అనే రూపాలు ఏర్పడ్డాయి. ముందు అటువంటి ధ్వని ఏదీ లేని నందిని, హాసిని, యామిని అనే పేర్లలో ఈ ప్రశ్నే లేదు. కల్యాణి, కళ్యాణి వంటి చోట్ల మాత్రం పట్టుదల అవసరం లేదు. మొదటిది సంస్కృత రూపం, రెండవది తెలుగు వాడుకలో స్థిరపడినది. ఇంట్లో పెద్దలు ఎలా రాస్తున్నారో అలాగే కొనసాగించవచ్చు.

తెలుగు రూపం తేలిన తర్వాతే ఇంగ్లీషు అక్షరాల జోలికి వెళ్లాలి. మనం తకారానికి టి, హెచ్ కలిపి రాస్తాం, టకారానికి ఒక్క టి వాడతాం. ఉత్తరాదివారు తకారానికి టి ఒక్కటే రాసి, థకారానికి మాత్రమే హెచ్ చేరుస్తారు. అందుకే మన శ్రుతి, స్వాతి, లత అనే పేర్లను వారు చదివినప్పుడు థకారం వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని పెరగబోయే పాపకు టి, హెచ్ రాయడమే మంచిదని నేను అనుకుంటాను, ఎందుకంటే హెచ్ తీసేస్తే ఇక్కడి ఉపాధ్యాయులు ట అని చదివే ప్రమాదం ఉంది. ఢిల్లీలోనో పుణేలోనో స్థిరపడిన కుటుంబానికి ఒక్క టి సరిపోతుంది. అమెరికాలో ఉన్నవారికి ఏది రాసినా సరైన తకారం వినబడదు గనుక, తాతముత్తాతల ఊరివారు చదవగలిగే రూపాన్నే ఎంచుకోవడం న్యాయం.

దకారం దగ్గర మాత్రం హెచ్ అనవసరంగా చేర్చకూడదు. మొదటిది అనే అర్థం గల ఆద్యకు డి తర్వాత హెచ్ చేర్చి రాయడం ఈమధ్య బాగా వ్యాపించింది. దాని ఫలితంగా పిల్ల పేరును ఆధ్య అని పలకడమే కాక తెలుగులోనూ అలాగే రాస్తున్నారు. ఆరాధ్య, సంధ్య అనే పేర్లలో ధకారం సహజంగా ఉంది కాబట్టి అక్కడ హెచ్ రాయాలి. ఆద్య, విద్య అనే పేర్లలో రాయకూడదు.

వట్రుసుడి గల పేర్లకు మనవాళ్లు ఆర్, యు రాస్తారు, ఉత్తరాదిలో ఆర్, ఐ రాస్తారు. జ్ఞకారానికి ఇంకా ఎక్కువ దారులున్నాయి. మా చిన్నమ్మాయికి ప్రజ్ఞ అని పేరు పెట్టుకున్నప్పుడు జె, ఎన్ అని మా నాన్నగారు, జి, వై అని ముంబైలో ఉండే మా బావగారు సూచించారు. మనం గ్న అని పలుకుతాం కాబట్టి జి, ఎన్ అని రాశాం. ఎనిమిదేళ్లుగా హాజరు పిలిచే ఏ ఉపాధ్యాయురాలూ ఆ పేరు దగ్గర తడబడలేదు.

రెండు రూపాల మధ్య ఎటూ తేలనప్పుడు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పాప పేరు తెలియని ముగ్గురికి ఆ స్పెల్లింగు రాసిన కాగితం ఇచ్చి పైకి చదవమనండి. తర్వాత మరొకరికి ఫోనులో పేరు చెప్పి ఇంగ్లీషులో రాయమనండి. ఎక్కువ మంది సరిగా చదివిన రూపానికీ, విన్నవారు సహజంగా రాసిన రూపానికీ దగ్గరగా ఉన్నదాన్ని తీసుకోండి.

సంఖ్యాశాస్త్రాన్ని నమ్మే కుటుంబాలు ఆ సలహాను పేరు నమోదుకు ముందే తీసుకోవాలి. కాల్డియన్, పైథాగరియన్ పద్ధతులు ఒకే అక్షరానికి వేర్వేరు సంఖ్యలు ఇస్తాయి గనుక, ఇద్దరిని అడిగితే రెండు స్పెల్లింగులు వస్తాయి. నమ్మకమున్న ఒక్కరినే అడగండి. లెక్క కుదరడానికి అక్షరం చేర్చవలసి వస్తే చివరి అచ్చును రెట్టించమని కోరండి. హల్లు పక్కన హెచ్ చేర్చితే ఉచ్చారణే మారిపోతుంది.

నమోదుకు గడువులున్నాయి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననాన్ని 21 రోజులలో తెలియజేయాలి. పేరు ఇంకా నిర్ణయించకపోయినా నమోదు ఆగదు. పేరును 12 నెలలలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. కాబట్టి ఆసుపత్రిలో హడావుడిగా ఏదో ఒక స్పెల్లింగు చెప్పవలసిన అవసరం లేదు. 2023 అక్టోబరు 1న సవరణ చట్టం అమలులోకి వచ్చినప్పటి నుంచి పుట్టిన పిల్లలకు, బడిలో చేరడానికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే ఆధారం. అందువల్ల అందులో పడిన పేరే మిగిలిన పత్రాలన్నిటికీ దారి చూపుతుంది. అదే పత్రంలో తల్లిదండ్రుల పేర్లు వారి ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయో లేదో కూడా చూడాలి. లక్ష్మి అనే పేరును ఒకచోట కె, ఎస్, హెచ్‌తోనూ ఇంకొకచోట ఎక్స్‌తోనూ రాయడం చాలా ఇళ్లలో ఉన్నదే.

ఆధార్ నమోదులో ఇంగ్లీషు పేరు టైపు చేయగానే సాఫ్ట్‌వేరు తెలుగు రూపాన్ని తనంతట తానే తయారుచేస్తుంది. స్రవంతి శ్రవంతిగా, ఆద్య ఆధ్యగా మారే అవకాశం అక్కడే ఎక్కువ. రసీదు మీద సంతకం చేసే ముందు తెలుగు వరుసను అక్షరం అక్షరం చదివి, తప్పుంటే అప్పుడే సరిచేయించండి, ఎందుకంటే ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. జనన ధ్రువపత్రంలోనే తప్పు పడి ఉంటే, రాతలో దొర్లిన పొరపాట్లను సరిదిద్దే అధికారం రిజిస్ట్రారుకు అదే చట్టంలోని 15వ సెక్షను ఇస్తున్నది. పాప పేరు బడి ప్రవేశ రిజిస్టరులోకి ఎక్కక ముందే ఆ దరఖాస్తు పెట్టుకుంటే, పదో తరగతి మెమో నాటికి పత్రాలన్నిటిలో ఒకే పేరు ఉంటుంది.