బండి ఆగితే ఇంజన్ వణుకుతోందా? నా తప్పు మీరు చేయకండి

మా కారు వణుకుతోందని మొదట చెప్పింది గేరు పక్కన పెట్టిన నీళ్ల సీసా. సిగ్నల్ దగ్గర ఆగగానే అందులో నీళ్లు సన్నగా అదిరేవి, బండి కదిలితే సర్దుకునేవి. వారం తిరిగేసరికి స్టీరింగ్‌లోనూ తెలిసింది. టెన్షన్‌లో నేను పెట్రోలుకి నిప్పురవ్వ అంటించే నాలుగు ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే నాలుగు కాయిళ్లలో రెండు కొత్తవి వేసేశాను. వణుకు ఎక్కడికీ పోలేదు. అసలు దోషి వేలెడంత రబ్బరు పైపు. అది దొరికేసరికి నెల పట్టింది. ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు బండి సంగతే.

ముందు పానా పక్కన పెట్టి, ఎప్పుడెప్పుడు వణుకుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడా, వేడెక్కాకా, ఏసీ వేస్తేనా? తర్వాత ఆర్‌పీఎం ముల్లు చూడండి. వేడెక్కాక చాలా బండ్లు ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు, 650 నుంచి 850 మధ్య ఉంటాయి. ముల్లు కదలకుండా నిలబడి, బాడీ మాత్రం అదురుతుంటే ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంట్ల రబ్బరు చచ్చిపోయి ఉండొచ్చు. ఆటోమేటిక్ అయితే డీలో పెట్టి బ్రేకు తొక్కి ఉంచినప్పుడు ఎక్కువై, న్యూట్రల్‌లో తగ్గుతుంది. ముల్లు పైకీ కిందకీ ఊగుతుంటే గాలి లెక్క ఎక్కడో తప్పుతోందని అనుమానించండి. ఉన్నట్టుండి ఒక దెబ్బ తగ్గినట్టు లయ తప్పుతుంటే అది మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా కాలడం లేదని.

బానెట్ తెరిచే ముందు బండి ఆరుబయట పెట్టండి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. హ్యాండ్‌బ్రేకు లాగండి, చేతులూ చొక్కా కొసలూ ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉంచండి.

బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే, ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్ ఒకటి ఉంటే సగం పని తేలిక. పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్, పి0302 అంటే రెండోదాంట్లో. పి0300 వస్తే ఫలానా సిలిండర్ అని తేలడం లేదని. పి0171 అంటే పెట్రోలుకి తగ్గ గాలి కంటే ఎక్కువ గాలి ఉందని. ఈ కోడ్ చూడగానే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్‌ని మార్చేవాళ్లున్నారు. పాపం, ఆ సెన్సర్ ఉన్న మాటే చెప్పింది! ఇంజన్ లైటు వెలిగి ఆరుతూ మినుకుమంటుంటే మాత్రం బండి నడపకండి. కాలని పెట్రోలు వెళ్లి సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది.

రెండో సిలిండర్ అని తేలిందనుకోండి. ఇంజన్ ఆపి, రెండో కాయిల్ తీసి మూడోదాంట్లో, మూడోది రెండోదాంట్లో పెట్టండి. కోడ్లు చెరిపి మళ్లీ నడపండి. మిస్సింగ్ మూడుకి మారితే కాయిల్ పోయినట్టే. రెండులోనే ఉంటే ప్లగ్గు చూడాలి, తర్వాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్. ఈ మార్పిడికి పైసా ఖర్చు లేదు, నేను మాత్రం కొన్నాక తెలుసుకున్నాను. ప్లగ్గులు ఇంజన్ చల్లారాకే విప్పండి. మొన లేత గోధుమరంగులో ఉంటే మంచిది. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ అందుతోందని, నూనెతో తడిసి ఉంటే ఆయిల్ లోపలికి దిగుతోందని అర్థం.

నా బండిలో కోడ్ పి0171. ఇక్కడే స్కానర్‌లో ఇంకొకటి చూడాల్సింది: లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత పెట్రోలు ఎక్కువ పోయాల్సి వస్తోందో చెప్పే అంకె అది. సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే పర్లేదు. నాది ఐడిలింగ్‌లో 18 ఉంది. 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే 4కి దిగింది. ఐడిలింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే కొంచెం, కాబట్టి చిన్న పగులు నుంచి వచ్చే దొంగగాలి అందులో పెద్ద వాటా. రేజ్ చేస్తే అసలు గాలి పెరిగి, ఆ వాటా కొట్టుకుపోతుంది. లోపలికొచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో ఈ తేడా కనిపిస్తే వాక్యూమ్ లీక్ కోసం, అంటే ఆ దొంగగాలి దూరే పగులు కోసం వెతకండి.

వెతకడం అంటే ఓపిక పని. కొంతమంది మండే స్ప్రే కొట్టి చూస్తారు. వేడి ఇంజన్ మీద నాకు ఆ ధైర్యం లేదు. నేను థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే రేకు) తర్వాత గొట్టానికి తగులుకున్న ఒక్కో సన్నపైపునీ చేత్తో నొక్కుతూ పోయాను. ఇంజన్ అడుగుభాగం (క్రాంక్‌కేస్)లోని ఆవిరి లాగే పీసీవీ పైపు దగ్గరకొచ్చి, వంపు కింద వేలు పెట్టగానే "స్స్..." అన్న శబ్దం ఆగింది, ఇంజన్ స్వరం మారింది. వేలు తీస్తే మళ్లీ వణుకు. పగులు కింది వైపు ఉంది. పైనుంచి చూస్తే పైపు కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

పైపులన్నీ బాగుంటే థ్రాటిల్ బాడీ విప్పి చూడండి. రేకు అంచున నల్లటి కార్బన్ పేరుకుంటే ఐడిలింగ్‌లో గాలి సందు మూసుకుపోతుంది. దానికోసమే అమ్మే క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టి తుడవండి. ఎలక్ట్రానిక్ రకమైతే తాళం ఆన్‌లో ఉండగా రేకుని వేలితో తోయకండి. శుభ్రం చేశాక కొన్నాళ్లు ఆర్‌పీఎం ఎక్కువ ఉండొచ్చు. ఐడిల్ మళ్లీ నేర్పించే పద్ధతి మీ బండి మాన్యువల్‌లో ఉందేమో చూడండి.

ఇంతవరకూ వచ్చినా వణుకు పోకపోతే కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో), పెట్రోలు ప్రెషర్ కొలిపించాలి. అది మెకానిక్ పని.

కొత్త పైపు వేశాక ట్రిమ్ 3కి దిగింది, సీసాలో నీళ్లు కదలడం మానేశాయి. విప్పేసిన రెండు పాత కాయిళ్లు మాత్రం, ఏ జబ్బూ లేకుండా, ఇంకా డిక్కీలోనే ఉన్నాయి.