టోలుయిన్ డికాంటర్‌కి వాటర్ లెగ్ ఎత్తు ఇలా పెట్టండి

పాశమైలారం వైపు బల్క్ డ్రగ్ ప్లాంట్లలో చాలా ఏళ్లు షిఫ్టులు చేశాను. రియాక్షన్‌లో పుట్టే నీటిని టోలుయిన్ అనే సాల్వెంట్ రిఫ్లక్స్‌తో, అంటే దాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి మళ్లీ వెనక్కి పంపుతూ, బయటికి తీసే బ్యాచ్‌లు ఎన్నో నడిపాను. కండెన్సర్ నుంచి టోలుయిన్, నీళ్లు రెండూ కలిసి డికాంటర్‌లోకి, అంటే అవి లేయర్లుగా విడిపోయే పాత్రలోకి, దిగుతాయి. పైన తేలే టోలుయిన్ తిరిగి రియాక్టర్‌కి పోవాలి, అడుగున చేరే నీళ్లు బయటికి పోవాలి. ఆపరేటర్ వాల్వ్ పట్టుకుని నిలబడకుండా ఇది సాగాలంటే నీళ్లు పోయే పైపు ఎత్తు సరిగ్గా ఉండాలి. ఆ పైపునే వాటర్ లెగ్ అంటాం.

లెక్క కష్టమేమీ కాదు. అన్ని ఎత్తులూ అడుగు నుంచే కొలవండి. టోలుయిన్ ఓవర్‌ఫ్లో 1000 మి.మీ. దగ్గర ఉంది, ఇంటర్‌ఫేస్, అంటే రెండు లేయర్ల మధ్య గీత, 500 దగ్గర నిలవాలి అనుకుందాం. టోలుయిన్ సాంద్రత 0.867, నీటిది 1. ఇంటర్‌ఫేస్ మీదున్న 500 మి.మీ. టోలుయిన్ బరువు 433.5 మి.మీ. నీటికి సమానం. దానికి కింది 500 కలిపితే 933.5. అంటే నీటి ఎగ్జిట్ టోలుయిన్ ఎగ్జిట్ కంటే 66.5 మి.మీ. కిందికి రావాలి.

ఇక్కడ వెల్డర్ పక్కనే ఉండి టేపు పట్టండి. లెగ్ 10 మి.మీ. కిందికి జరిగితే లోపల ఇంటర్‌ఫేస్ 75 మి.మీ. పడిపోతుంది. రెండు సాంద్రతలూ దగ్గరగా ఉండటమే దీనికి కారణం. అందుకే లెగ్ పైభాగం ఎత్తు మార్చుకునేలా చేయించమని నేను ఎప్పుడూ పట్టుబడతాను. నీటితో పాటు మిథనాల్ కూడా వచ్చే రియాక్షన్ అయితే ఇది తప్పనిసరి. కింది లేయర్ సాంద్రత 0.95కి తగ్గిందంటే అదే లెగ్‌తో ఇంటర్‌ఫేస్ 500 నుంచి దాదాపు 240కి దిగిపోతుంది.

తర్వాత వెంట్. లెగ్ పైకెళ్లి, వంపు తిరిగి, కింది ట్యాంకులోకి దిగుతుంది. ఆ వంపు నెత్తిన వెంట్, అంటే గాలి ఆడే చిన్న పైపు, లేకపోతే పైపు నిండగానే సైఫన్ పడుతుంది, అంటే లోపలిదంతా తనంతట తానే లాగేస్తుంది. నా నైట్ షిఫ్టులో ఒకసారి అదే జరిగింది. కొత్తగా వేసిన లైన్, వెంట్ నాజిల్‌కి బ్లైండ్ (మూసేసే పలక) కొట్టి వదిలేశారు. ముందు నీళ్లు, వెనకే టోలుయిన్ మొత్తం ఎఫ్లుయెంట్ పిట్ (వ్యర్థ జలాల గుంత)లోకి లాగేసింది. వాసన వచ్చాకే మాకు తెలిసింది. టోలుయిన్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత, 4 డిగ్రీలు. మన ఊళ్లో ఏ రాత్రైనా అంతకంటే వేడిగానే ఉంటుంది. పిట్ దగ్గర ఒక్క నిప్పురవ్వ ఎగిరినా ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

ఆ వెంట్‌ని గాలిలోకి వదలకండి, డికాంటర్ పై ఖాళీలోకే కలపండి. డికాంటర్‌లో నైట్రోజన్ 20 మి.మీ. నీటి ప్రెషర్‌తో ఉండి, వెంట్ బయట ఉందనుకోండి, ఆ తేడాకే ఇంటర్‌ఫేస్ 150 మి.మీ. కిందికి పోతుంది.

కండెన్సేట్ పైనుంచి ధారగా పడకూడదు. డిప్ పైపు వేసి, కొసన టీ పెట్టి, ఇంటర్‌ఫేస్ దగ్గర పక్కలకు మెల్లగా వదలండి. పైనుంచి పడితే లేయర్లు కలిసిపోతాయి, పైగా టోలుయిన్‌లో నిప్పురవ్వ పుట్టించగల స్టాటిక్ కరెంటు పుడుతుంది. ఎర్తింగ్ జంపర్లు ప్రతి ఫ్లాంజ్‌కీ చూసుకోండి.

స్టార్టప్‌లో మాత్రం ముందు నీళ్లే పోయాలి. లెగ్ ఖాళీగా ఉండగా టోలుయిన్ వస్తే నేరుగా లెగ్‌లోంచే బయటికి పోతుంది. సగం పైదాకా నీళ్లు నింపి, దాని మీద తాజా టోలుయిన్ మెల్లగా పోస్తూ రండి. టోలుయిన్ ఓవర్‌ఫ్లో మొదలయ్యేలోపు ఎక్కువైన నీళ్లు లెగ్ నుంచి పోతాయి. అప్పుడు సైట్ గ్లాస్ వెనక ఫ్లేమ్‌ప్రూఫ్ ల్యాంప్ వేసి గీత ఎక్కడ నిలిచిందో చూడండి. 500కి అటూ ఇటూ ఉంటే లెగ్ సరిచేసి, ఆ తర్వాతే రియాక్టర్ జాకెట్‌కి స్టీమ్ ఇవ్వండి.