నెల్లూరు నుంచి ఒంటరిగా అండమాన్‌కి: పక్షులు, పగడాలు, తాబేళ్ల కోసం వెళ్లేవాళ్లకి

ముందు తేదీలు తేల్చుకోవాలి. మనకి వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనమే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అండమాన్‌నీ తడుపుతుంది. బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా పుట్టేదీ ఆ నెలల్లోనే. సముద్రం అల్లకల్లోలమైతే ఫెర్రీలు ఆపేస్తారు, ఏ దీవిలో ఉంటే అక్కడే చిక్కుకుపోతారు. అందుకే సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరులోపు పెట్టుకోండి. పగలు ముప్పై డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది, రాత్రి కూడా చలి వేయదు. స్వెటర్ బదులు ఒక పల్చటి రెయిన్‌కోటు చాలు.

తర్వాత క్యాలెండర్‌లో అమావాస్య, పౌర్ణమి చూడండి. మైపాడులోనో కొత్తపట్నంలోనో వేటకెళ్లేవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. ఆ రెండు తిథులకు అటూఇటూ రెండు మూడు రోజులు సముద్రపు పాటు (నీరు వెనక్కి తగ్గడం) బాగా లాగుతుంది. అండమాన్‌లో ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ సుమారు రెండు మీటర్ల తేడా ఉంటుంది, మన తీరంలో దాదాపు అందులో సగమే. నీల్ దీవిలో (ఇప్పుడు షహీద్ ద్వీప్) పాటు వేళ బయటపడే నీటి గుంటలు చూడాలి కనుక అక్కడ ఉండే రోజులు దీనికి సరిపోవాలి. పాటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పోర్ట్‌బ్లెయిర్ పేరుతో దొరికే పోటుపాట్ల పట్టిక ఫోన్‌లో దించుకోండి.

మొత్తం తొమ్మిది రోజులు వేసుకోండి. పోర్ట్‌బ్లెయిర్‌కి మూడు, నీల్‌కి రెండు, డిగ్లిపూర్‌కి రానుపోనూ ప్రయాణంతో కలిపి నాలుగు. హేవ్‌లాక్ వదిలేయండి. పేరు ఎక్కువ, జనమూ ఎక్కువే. జీవజాలం కోసం ఒక్కరే వెళ్లేవాళ్లకి నీల్ మేలు.

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్లకి ఇంకో 120 కలుస్తుంది. పోర్ట్‌బ్లెయిర్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి కనుక ముందు రోజు సాయంత్రం రైలెక్కి, సెంట్రల్‌లో దిగి, మెట్రోలో విమానాశ్రయం దగ్గరకి చేరుకుని పడుకోవడం నయం. గాల్లో రెండుంపావు గంటలు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మారింది, కాబట్టి రెండు పేర్లతోనూ వెతకండి. భారతీయులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు (గిరిజన రిజర్వు ప్రాంతాలు వేరే సంగతి). కానీ ఫెర్రీకీ, పార్కుకీ, చెక్‌పోస్టుకీ గుర్తింపు కార్డు అడుగుతూనే ఉంటారు. ఆధార్ అసలుతో పాటు అరడజను జిరాక్సులు పెట్టుకోండి. ఆవకాయ సీసా చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసి పక్కన పెడతారు, చెక్ ఇన్ బ్యాగులో వేయండి. ఎండుకొబ్బరి అసలు తేవద్దు.

దిగగానే గడియారంతో పేచీ మొదలవుతుంది. సమయం మనదే అయినా దీవులు బాగా తూర్పున ఉన్నాయి. జనవరి ఆఖరున అక్కడ 5:45కే సూర్యుడు వచ్చేస్తాడు, 5:20కల్లా వెళ్లిపోతాడు. నెల్లూరులో అప్పుడు తెల్లారేది 6:40కి. ఏడింటికి టిఫిన్ తిని బయల్దేరే అలవాటుంటే పక్షులు చూసినట్టే! పక్షుల కోసం వెళ్లాల్సిన చిడియా టాపు పోర్ట్‌బ్లెయిర్‌కి 25 కిలోమీటర్లు. అంత పొద్దున బస్సు కుదరదు, ముందు రోజే ఆటో మాట్లాడుకోవాలి, లేదా స్కూటర్ అద్దెకు తీసుకోవాలి. 4:45కి కదిలితే వెలుతురు వచ్చే వేళకి అడవి అంచున ఉంటారు. రోడ్డు మీదే మెల్లగా నడుస్తూ పండ్లున్న చెట్ల కింద ఆగండి. అండమాన్ ఏట్రింత (డ్రోంగో పిట్ట), పొడవు తోక చిలుకలు, పెద్ద తెల్లని పావురాలు కనిపిస్తాయి. మన జెముడుకాకికి ఒళ్లు నలుపు, రెక్కలు ఇటుక రంగు. అక్కడి దానికి ఒళ్లు గోధుమ రంగు, రెక్కలే ముదురు. ఈ తేడా ఒక్కటి పట్టుకున్నారంటే మిగతా పక్షుల దగ్గరా కన్ను నిలుస్తుంది. 8×42 బైనాక్యులర్ సరిపోతుంది, బయల్దేరే ముందు ఒక ఆదివారం నేలపట్టులో గూడబాతుల మీద చేయి సాధన చేయండి.

పగడాలకు జాలీబాయ్ దీవి. వాండూర్ దగ్గర 1983లో ఏర్పడిన సముద్ర జాతీయ పార్కులోది. సాధారణంగా నవంబరు నుంచి మే దాకా తెరుస్తారు, సోమవారం సెలవు. ముందు రోజే అనుమతి తీసుకోవాలి. ప్లాస్టిక్ నిషేధం, చిప్స్ ప్యాకెట్ కూడా వెనక్కి తీసుకుంటారు. టికెట్ మనిషికింత కనుక ఒంటరివాళ్లకి నష్టం లేదు. నీళ్లలోకి చూడటానికి పెట్టుకునే స్నార్కెల్ మాస్కులో నీళ్లు చొరబడటానికి సగం కారణం మీసం. ముక్కు కింద రబ్బరు ఆనే చోట వెంట్రుకలు కత్తిరించుకోండి, తలవెంట్రుకలు లోపల చిక్కకుండా చూసుకోండి. అద్దం మసకబారితే లోపల ఉమ్మి రాసి కడిగేయండి. పగడం మీద కాలు పెట్టవద్దు. రాయిలా కనిపిస్తుంది కానీ ప్రాణి, అడుగు పడిన చోట చచ్చిపోతుంది. మీ కాలూ తెగుతుంది.

నీల్‌లో సహజ వంతెన దగ్గరకి పాటు పూర్తిగా లాగడానికి గంట ముందే చేరండి. నీటి గుంటల్లో సముద్ర దోసకాయలు, పెద్ద ఆల్చిప్పలు, పీతలు ఉంటాయి. మందపాటి అడుగున్న చెప్పులు వేసుకోండి. రాయిలాగే ఉండే రాతిచేప ముళ్లు విషం. గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర పాదం ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. నీళ్లు తిరగబడగానే ఒడ్డుకు నడవండి, ఆ రాళ్ల మీద పోటు వేగంగా కమ్ముకొస్తుంది. నలుపు తెలుపు పట్టీల సముద్రపు పాము కనిపిస్తే దారి ఇవ్వండి, విషం ఉన్నా దానంతటది మీదికి రాదు.

మొసళ్ల సంగతి వేరు. ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లో, వాగులు సముద్రంలో కలిసే చోట్ల తిరుగుతాయి. 2010లో హేవ్‌లాక్‌లోని రాధానగర్ దగ్గర ఒక మొసలి పర్యాటకురాలిని చంపింది. హెచ్చరిక బోర్డున్న చోట, చీకటి పడ్డాక, చుట్టూ మనిషి లేనప్పుడు మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగవద్దు. ఒంటరి ప్రయాణానికి ఇదొక్కటే బేరంలేని నియమం. ఇసుక ఈగలు ప్రాణం తీయవు కానీ వారం గోకిస్తాయి. ఇసుక మీద నేరుగా పడుకోకండి, చీలమండలకు కొబ్బరినూనె పట్టించండి.

ఉత్తర కొసన ఉన్న డిగ్లిపూర్ పోర్ట్‌బ్లెయిర్ నుంచి సుమారు 325 కిలోమీటర్లు, తెల్లవారుజామున బయల్దేరే బస్సులో దాదాపు పగలంతా పడుతుంది. దారి జరావా గిరిజనుల రిజర్వు మధ్య నుంచి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలను గుంపుగా వదులుతారు, మధ్యలో ఆగకూడదు, జరావాలను ఫొటో తీయడం, ఏదైనా ఇవ్వడం నేరం, జైలు శిక్ష ఉంది. ఊళ్లో రాస్, స్మిత్ దీవుల పడవకి మనిషికి కాక పడవకే కిరాయి. ఏరియల్ బే జెట్టీ దగ్గర పొద్దున్నే నిలబడి జట్టు కలుపుకోండి.

డిగ్లిపూర్ దగ్గరి కాలీపూర్ ఒడ్డుకు నాలుగు జాతుల సముద్ర తాబేళ్లు వస్తాయి. రాత్రి అటవీ సిబ్బంది వెంట తప్ప వెళ్లవద్దు. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్ జేబులోంచి తీయకండి. తెల్ల వెలుతురు పడితే గుంత తవ్వుతున్న తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోతుంది. గుడ్లు రాలడం మొదలయ్యాకే, అదీ వెనక వైపు నుంచి, దగ్గరకి వెళ్లాలి. ఆలివ్ రిడ్లీ ఒక్కసారికి నూరు గుడ్ల దాకా పెడుతుంది.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖాళీగా ఉంచుకోండి, ఫెర్రీ రద్దయినా విమానం పోదు. స్కూబా చేస్తే విమానానికి కనీసం 18 గంటల ముందే ముగించాలి. బ్యాగు సర్దేటప్పుడు జేబులు దులపండి. ఏరుకున్న పగడం ముక్క విమానాశ్రయంలో దొరికితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు కావచ్చు. కొట్లో కొన్న గవ్వలకైతే బిల్లు చేతిలో ఉంచుకోండి.