బిడ్డను పోగొట్టుకున్న తల్లి పుస్తకాన్ని ఏళ్ల తర్వాత మళ్లీ తెరిచే ముందు

చిలీ రచయిత్రి ఇసబెల్ అయెందే తన కూతురి గురించి రాసిన ‘పౌలా’ను నేను మొదటిసారి ఇరవై రెండేళ్ల వయసులో, నెల్లూరు హాస్టల్ గదిలో, ఇంగ్లీషు అనువాదంలో రెండు రాత్రుల్లో చదివేశాను. పద్నాలుగేళ్ల తర్వాత, నాకొక కూతురు పుట్టి, మా అక్క తన కొడుకును పోగొట్టుకున్న తర్వాత, అదే పుస్తకంలో నలభై పేజీలు దాటడానికి మూడు వారాలు పట్టింది. అటువంటి పుస్తకాన్ని మళ్లీ చదవాలనుకునేవారికి ఉపయోగపడవచ్చునని ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

మరణ ఘట్టం ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి ఆ నాలుగు పేజీలు దాటేస్తే చాలునని అనుకోవద్దు. మొదటిసారి చదివేటప్పుడు బిడ్డ కోలుకుంటుందేమోనన్న ఆశ ఉంటుంది. రెండోసారి అది లేకపోవడం వల్ల పెళ్లి ముచ్చట, ఉత్తరం, భోజనాల దగ్గర నవ్వు వంటి మామూలు సంగతులే ఎక్కువగా కోస్తాయి. ఈ పుస్తకంలో మరొక మలుపు ఉంది. 1991 డిసెంబరులో పౌలా పోర్ఫిరియా అనే అరుదైన వంశపారంపర్య వ్యాధితో మాడ్రిడ్ ఆసుపత్రిలో కోమాలోకి వెళ్లినప్పుడు, మెలకువ వచ్చాక చదువుకుంటుందని తల్లి మంచం పక్కన కూర్చుని కుటుంబ కథను ఉత్తరంగా రాయసాగింది. అందువల్ల మొదటి భాగమంతా కూతురిని ‘నువ్వు’ అని పలకరిస్తుంది, రెండో భాగానికి వచ్చేసరికి ఆ పిలుపు ‘ఆమె’గా మారిపోతుంది. ఇరవై రెండేళ్లప్పుడు నేను గమనించనైనా గమనించని ఈ మార్పు దగ్గరే రెండోసారి పుస్తకం మూసేశాను. రెండో భాగాన్ని రాత్రిపూట మొదలుపెట్టకుండా, ఇంట్లో మరొకరు మెలకువగా ఉండే పగటివేళకు అట్టిపెట్టుకోవాలి.

కాలం ఎంచుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. మన నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో కరెంటు పోయి, వీధిలోకి నాలుగడుగులు వేసే వీలు కూడా లేకుండా ఇంట్లో చిక్కుకున్నప్పుడు ఇటువంటి పుస్తకం చేతిలో ఉండకూడదు. 2015 నవంబరు వరదలు చూసినవారికి ఆ రోజులు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. ఇంట్లో బిడ్డను పోగొట్టుకున్నవారు ఉంటే, ఆ బిడ్డ పుట్టినరోజును, తిథిని, వాటికి అటూ ఇటూ వారం రోజులను వదిలేయాలి. మొహర్రం నాటి రొట్టెల పండుగను కూడా నేను ఇందులో చేరుస్తాను. నెల్లూరు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం సంతాన రొట్టె పట్టుకుంటూ, కోరిక తీరినవారు మరుసటి ఏడు రొట్టె తెచ్చి పంచుతూ ఉండగా, ఒకప్పుడు మా అక్క కూడా ఆ రొట్టె అందుకుందన్న సంగతి గుర్తుకు రాకుండా ఉండదు.

పాత ప్రతినే చదువుతున్నట్లయితే అప్పుడు మీరు గీసిన గీతలను ముందుగా ఒకసారి తిరగేసి చూడండి. ‘చాలా బాగుంది’ అని నేను పెన్సిలుతో రాసుకున్న ఒక చోటు చూసి సిగ్గుపడ్డాను, దాన్ని చెరిపేశాకే ముందుకు కదలగలిగాను. ఒక విడతకు పది పేజీలు మించవద్దు. పుస్తకాన్ని దిండు పక్కన కాక బీరువాలో ఉంచాలి. ఖాళీ కడుపుతో చదవవద్దన్నది మా అమ్మ పెట్టిన నియమం. ‘ముందు రెండు ముద్దలు తిను నాయనా, ఏడిస్తే తర్వాత ఏడుద్దువు’ అనేది. నిద్ర, తిండి రెండు వారాలకు పైగా దెబ్బతింటే చదవడం ఆపి వైద్యుణ్ణి కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకుండా ఇంట్లోవారికి చెప్పి, ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి.

ఓదార్పు అవుతుందని ఇటువంటి పుస్తకాన్ని, ముఖ్యంగా సంవత్సరీకం కూడా కాని ఇంటికి, కానుకగా తీసుకువెళ్లడం నా దృష్టిలో తొందరపాటు. వారు తమంతట తాము అడిగితే మాత్రం దాచవద్దు. ఒక మధ్యాహ్నం మా అక్క నా చేతిలోని పుస్తకం ఏమిటని అడిగింది, చెప్పాను. మధ్యలో కొన్ని పేజీలు తిప్పి, ‘ఆ పిల్లకు ఎన్నేళ్లురా?’ అంది. ఇరవై తొమ్మిది అన్నాను. ‘అన్నేళ్లు ఉందా’ అని పుస్తకం నా చేతికిచ్చి, ఆరేసిన బట్టలు తీయడానికి మిద్దె మీదికి వెళ్లింది.