యూనివర్సిటీ పాలన మారాలంటే ముందు మినిట్స్ చేతికి తెచ్చుకోండి

ఫీజు పెంచారనో, మెస్ బాగోలేదనో అడ్మిన్ బిల్డింగ్ ముందు కూర్చుంటాం, రిజిస్ట్రార్ గారు వచ్చి "చూస్తాం" అంటారు, అందరం రూములకి వెళ్లిపోతాం. రీసెర్చ్ స్కాలర్లుగా మేము రెండేళ్లు ఇదే చేశాం. ఆ నిర్ణయం ఏ మీటింగులో జరిగింది, ఎవరు ఆమోదించారు అని అడిగితే మాలో ఒక్కరికీ తెలియదు. అదంతా మినిట్స్‌లో, అంటే మీటింగులో ఏం తీర్మానించారో రాసిపెట్టిన రికార్డులో ఉంటుంది.

కాబట్టి మొదట చట్టం చదవండి. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా లాంటి రాష్ట్ర వర్సిటీలకు 1991 విశ్వవిద్యాలయాల చట్టమే ఆధారం. తర్వాత చాలా సవరణలు వచ్చాయి, అందుకే పాత జిరాక్స్ నమ్ముకోకుండా తాజా కాపీ చూడండి. పెద్ద నిర్ణయాలన్నీ పాలక మండలిలో, అంటే మనం ఈసీ (ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్) అనేదాంట్లో జరుగుతాయి. అందులో ప్రభుత్వ అధికారులు, నామినేట్ అయినవాళ్లు ఉంటారు. నిధులు, నియామకాలు, ఫీజులు అన్నీ అక్కడికే వెళ్తాయి, వీసీ ఒక్కరినే తిడితే సగం కథే పట్టుకున్నట్టు.

ఇక అసలు పని సమాచార హక్కు దరఖాస్తు. "ఫీజు ఎందుకు పెంచారు?" అని రాయకండి, దానికి జవాబు రాదు. కాగితం అడగండి: "ఫలానా తేదీ నుంచి జరిగిన ఈసీ సమావేశాల అజెండాలు, ఆమోదించిన మినిట్స్, యాక్షన్ టేకెన్ రిపోర్టుల (తీర్మానాలపై తీసుకున్న చర్యల నివేదికల) నకళ్లు ఇవ్వండి" అని. 10 రూపాయల ఫీజు చాలు, మీకెందుకు కావాలో చెప్పక్కర్లేదు. ఇన్‌వార్డ్‌లో (ఆఫీసుకి వచ్చే కాగితాలు తీసుకునే సెక్షన్లో) ఇచ్చి నంబరు, స్టాంపు వేయించుకోకుండా మాత్రం కదలకండి, మా మొదటి దరఖాస్తు "రాలేదే" అన్న ఒక్క మాటతో పోయింది. 30 రోజుల్లో సమాధానం రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు.

మినిట్స్ వచ్చాక నలుగురు కూర్చుని చదవండి. తీర్మానం ఒకటి, అమలైంది ఇంకొకటి ఉన్నచోట గుర్తు పెట్టండి. ఇక్కడ ఆఫీసు సూపరింటెండెంట్లు, సీనియర్ అసిస్టెంట్లు ఎంతో సాయం చేస్తారు, ఏ ఫైలు ఏ సెక్షన్లో ఆగిందో వాళ్లకి తెలిసినంత ఏ ప్రొఫెసర్‌కీ తెలియదు. వాళ్లతో మర్యాదగా ఉండండి, పేర్లు ఎక్కడా బయటపెట్టకండి.

అప్పుడు ఒకే ఒక్క డిమాండుతో వెళ్లండి. ఇరవై డిమాండ్లు రాస్తే సులువైన రెండు ఒప్పుకుని మిగతావి పక్కన పెట్టేస్తారు. నన్నడిగితే ఆ ఒక్కటీ ఇదే కావాలి: ప్రతి ఈసీ మీటింగు మినిట్స్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఏయే మండళ్లు, కమిటీలు ఉన్నాయో, వాటి మినిట్స్ ప్రజలకు దొరుకుతాయో లేదో ఎవరూ అడక్కముందే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతోంది, వినతిపత్రంలో ఆ సెక్షన్ రాయండి. ఒక పేజీ దాటనివ్వకండి. టీచర్ల సంఘం, నాన్ టీచింగ్ సంఘం, కాంట్రాక్టు లెక్చరర్లు, అందరి సంతకాలూ పెట్టించి రిజిస్ట్రార్‌కి ఇచ్చి, ఈసీ సభ్యులకి తలా ఒక కాపీ పోస్టు చేయండి. వచ్చే మీటింగు అజెండాలో పెట్టమని స్పష్టంగా అడగండి.

ఒక విద్యార్థికి జరిగిన అన్యాయమైతే దారి వేరు. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థి ఫిర్యాదుల కమిటీ, దానిపైన అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్ ఉండాలి, ముందు అక్కడికి వెళ్లండి.

ఈ కాగితాలన్నీ ఒక ఫైల్లో తేదీల వారీగా పెట్టి, మీ కోర్సు అయిపోకముందే ఒక జూనియర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేజీ చూపించి అప్పగించండి. మా సీనియర్లు అలా ఇచ్చి ఉంటే మాకా రెండేళ్లు మిగిలేవి.