పీక్ క్రౌన్ ఊడొచ్చిందా? కడక్కముందు లోపల చూడండి

ఇంప్లాంట్ (దవడ ఎముకలో దించిన కృత్రిమ వేరు) మీది పీక్ క్రౌన్, అంటే పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పంటి తొడుగు, కదులుతోందని పేషెంట్ వస్తే ముందు తేల్చుకోవాల్సింది వదులైంది స్క్రూనా, అతుకా అని. క్రౌన్, అది సిమెంట్‌తో అతుక్కుని ఉండే కింది టైటానియం బేస్ రెండూ కలిసి కదులుతుంటే, బేస్‌ని ఇంప్లాంట్‌కి బిగించే స్క్రూ. అది అరిగి ఉంటే మార్చి, ఇంప్లాంట్ కంపెనీ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి. బేస్ నోట్లోనే ఉండి క్రౌన్ ఒక్కటే చేతికొస్తే అతుకు పోయినట్టు. మిగతాదంతా దాని గురించే.

డాక్టర్ గారూ, ఊడిన క్రౌన్‌ని దయచేసి కడగకండి. మా డెంటల్ ల్యాబుకి భీమవరం నుంచి వచ్చినా, అమలాపురం నుంచి వచ్చినా తళతళలాడేలా తోమేసి, "మళ్లీ అతికించండి" అని చీటీ పెట్టి పంపుతారు. ఏం జరిగిందో చెప్పే సిమెంట్ కాస్తా సింకులో పోయింది. సిమెంట్ ఎటు అంటుకుందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సిమెంట్ క్రౌన్ లోపలే ఉండి బేస్ నున్నగా ఉంటే తప్పు లోహం వైపు. బేస్‌ని మళ్లీ సాండ్‌బ్లాస్ట్ చేసి (గాలితో గరుకు పొడి కొట్టి), ఎండీపీ (లోహానికి పట్టే రసాయనం) ఉన్న ప్రైమర్, అంటే సిమెంట్‌కి ముందు వేసే పూత, రాయండి.

సిమెంట్ ప్రోబ్‌తో గీకితే మెత్తగా వస్తుంటే అది లోపల గట్టిపడలేదు. పీక్ గుండా లైట్ సరిగా పోదు. లైట్ మీదే ఆధారపడే సిమెంట్ వాడితే అంచు గట్టిపడి, మధ్యలో పచ్చిగా మిగులుతుంది. డ్యూయల్ క్యూర్ (లైట్‌తోనూ, తనంతటా కూడా గట్టిపడేది) గానీ, తనంతట గట్టిపడేది గానీ వాడండి.

సిమెంట్ అంతా బేస్ మీదే ఉండి క్రౌన్ లోపల ఖాళీగా ఉంటే పీక్ వైపు పట్టలేదు. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఇవే. పింగాణీ అలవాటుతో, దాన్ని గరుకు చేసే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, దానికి సిమెంట్ పట్టించే సైలేన్ ఇక్కడా పెడతారు. పీక్ ప్లాస్టిక్, అందులో గాజు లేదు, ఆ రెండూ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. 110 మైక్రాన్ల అల్యూమినా పొడితో 2-3 బార్ ప్రెషర్ మీద గరుకు చేసి, మిథైల్ మెథాక్రిలేట్ ఉన్న ప్రైమర్ పల్చగా రాసి, దాని కాగితంలో చెప్పినంతసేపు లైట్ పెట్టాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఊడుతోందా? అయితే సాండ్‌బ్లాస్టర్‌కి గాలినిచ్చే కంప్రెసర్ దగ్గరికి వెళ్లండి.

ఒక వానాకాలం నాకు వరసగా క్రౌన్లు తిరిగొచ్చాయి. పాలకొల్లు నుంచి ఒక పెద్దావిడది పూతరేకు తింటుంటే ఊడింది. పూతరేకుకి నమలాల్సిన పనేముంది? గట్టివి కొరికి ఉంటారన్న అనుమానం ఆ రోజుతో పోయింది. ప్రైమర్ సీసా మార్చాను, సిమెంట్ మార్చాను, కుర్రాళ్ల మీద కేకలేశాను. చివరికి ఒక సాయంత్రం పౌడర్ ఆపేసి, నాజిల్‌ని అద్దం మీద పెట్టి ఉత్తి గాలి వదిలాను. అర నిమిషంలో సన్నటి తుంపర కమ్మింది. గుడ్డతో తుడిస్తే నీళ్లు పోయాయి గానీ, రంగులు తేలే జిడ్డు పొర మిగిలింది. ట్యాంక్ అడుగున డ్రెయిన్ విప్పితే డికాక్షన్ రంగు నీళ్లు, పైన నూనె తెట్టు.

చుట్టూ కాలవలు, చేపల చెరువులు. ఇక్కడి గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. దాన్ని నొక్కి చల్లారిస్తే నీళ్లు దిగక తప్పదు. నూనెతో తిరిగే కంప్రెసరైతే ఆ నీటితో పాటు నూనె కూడా వస్తుంది. గరుకు చేస్తున్న క్షణంలోనే పీక్ మీద జిడ్డు పూస్తున్నామన్నమాట. కంటికి చక్కగా మ్యాట్‌గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ట్యాంక్ నీళ్లు రోజూ పొద్దున పని మొదలుపెట్టకముందే వదలండి. వానాకాలంలో మధ్యాహ్నం మరోసారి. బ్లాస్టర్‌కి ముందు నీటినీ నూనెనూ ఆపే ఫిల్టర్ పెట్టండి, వీలైతే ఆయిల్ లేని కంప్రెసరే కొనండి. అల్యూమినా గడ్డకడితే పారేయండి, వాడినది మళ్లీ నింపొద్దు. అద్దం పరీక్ష వారానికోసారి చేయండి, అర నిమిషం పని. తడిసిన లైన్‌లో బ్లాస్ట్ చేసిన క్రౌన్లుంటే తుడిచి సరిపెట్టకుండా, గాలి బాగయ్యాక మళ్లీ బ్లాస్ట్ చేసి కొత్తగా ప్రైమర్ రాయండి. నోట్లో ట్రయల్ చూసి ఉమ్మి తగిలినదానికీ ఇదే పద్ధతి.

పీక్ పగలడం అరుదు, పగిలితే కొత్తది చేయడమే. 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో గరుకు చేస్తే అతుకు బాగా పడుతుందన్న మాట నిజమే గానీ, మన చిన్న ల్యాబుల్లో ఆ సీసా మూత కూడా తీయొద్దు.