ఆకురాయితో నునుపు రావడం లేదా? లోపం ఎక్కడుందో పట్టుకోండి

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్ వైపు మన తెలుగువాళ్లు నడిపే వెల్డింగ్ షాపుల్లో గ్రైండర్ ఎప్పుడూ చేతికి అందేలా ఉంటుంది. ఆకురాయి (లోహాన్ని అరగదీసే పళ్ల పనిముట్టు, ఫైల్) మాత్రం డబ్బా అడుగున పాత బోల్టుల కింద పడి ఉంటుంది. మోటారు షాఫ్టు కీ (చక్రం జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క) గాడిలో బిగువుగా కూర్చోవాలన్నా, గేటు గడియ పట్టేయకుండా జారాలన్నా చివరికి దాన్నే తీయాలి. తీసి రెండు సార్లు రుద్దాక పని కాకపోతే చాలామంది ఇంకా గట్టిగా ఒత్తుతారు. దాంతో జాబ్ (రుద్దుతున్న లోహపు ముక్క) పాడవుతుంది, ఆకురాయీ పాడవుతుంది. ఒత్తే ముందు ఒక్కసారి ఆపి, పళ్లలో ఏముందో, లోహం మీద ఎలాంటి గుర్తు పడిందో చూడండి.

ముందు కొనడం గురించి. మరాఠీ దుకాణంలో 'కానస్' అంటే చాలు, ఏదో ఒకటి చేతిలో పెడతారు. అలా తీసుకోకండి. పొడవు, ఆకారం, పళ్ల వరస (ఒంటి వరసా, ఒకదాన్నొకటి కోసే జంట వరసా), గరుకుదనం నాలుగూ చెప్పి అడగండి. పొడవు అంటే పిడిలోకి దిగే మొనను వదిలేసి మిగతా భాగం. అర మిల్లీమీటరు, అంతకన్నా ఎక్కువ తీయాలంటే గరుకైన బాస్టర్డ్, ఆ తర్వాత మధ్యరకం సెకండ్ కట్, చివరి నునుపుకు సన్నని స్మూత్. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పేరు ఒకటే అయినా పొడవు పెరిగేకొద్దీ పళ్లూ పెద్దవవుతాయి. 12 అంగుళాల స్మూత్ కంటే 6 అంగుళాల స్మూత్ సన్నగా కోస్తుంది. 'స్మూత్ వాడినా గరుకుగానే ఉంది' అనేవాళ్లు ముందు పొడవు చూసుకోవాలి.

జారిపోతోంది, రజను రాలడం లేదు

లోహం గట్టిదై ఉండవచ్చు. ట్రాలీ కమాన్ పట్టీ (బండి బరువు మోసే స్ప్రింగు రేకు), బేరింగ్ రింగు, డ్రిల్ బిట్టు లాంటివి గట్టిపరచిన ఉక్కు. గ్యాస్‌తో కోసిన అంచు, బీడు (కాస్ట్ ఐరన్) పోత మీది పైపొర కూడా అంతే. పాత ఆకురాయి మూలతో కనపడని చోట ఒక గీత గీసి చూడండి. గీత పడకుండా జారితే కొత్తదాన్ని దాని మీద పెట్టవద్దు. పైపొర మాత్రమే గట్టిగా ఉంటే గ్రైండర్‌తో తీసేసి లోపలి మెత్తని లోహం దగ్గర నుంచి మొదలుపెట్టండి. కమాన్ పట్టీ అయితే అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో కప్పి, పూర్తిగా చల్లారేదాకా వదిలేస్తే మెత్తబడుతుంది.

గీత పడుతున్నా ఆకురాయి జారుతోందంటే అనుమానించాల్సింది చెమటని. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఎండల్లో, నునుపు వచ్చిందా అని అరచేత్తో తడమడం అందరికీ అలవాటే. ఆ జిడ్డు మీద పళ్లు పట్టవు, ముఖ్యంగా బీడు మీద. పొడి గుడ్డతో తుడవండి, తడమడం మానేయండి.

ఉన్నట్టుండి లోతు గీతలు పడుతున్నాయి

స్మూత్‌తో చివరి మెరుగు పెడుతుండగా ఇది జరిగితే ప్రాణం ఉసూరుమంటుంది. కారణం ఆకురాయి పళ్ల మధ్య ఇరుక్కున్న లోహపు తునక. అది అక్కడే గట్టిగా అతుక్కుని, పోయిన ప్రతిసారీ గీస్తుంది. అల్యూమినియం, రాగి, మెత్తని ఇనుము మీద ఇది ఎక్కువ. ఒత్తిడి పెంచితే ఇంకా ఎక్కువ.

తీగ బ్రష్‌ను పళ్ల వరస వెంబడే లాగండి, అడ్డంగా వద్దు. దానికీ రాని తునకలకు పలచని ఇత్తడి పట్టీ తీసుకుని, దాని అంచును పళ్ల మధ్య గాడుల వెంట నెట్టండి. కాసేపటికి ఆ అంచుకే పళ్ల అచ్చు పడుతుంది, ఇరుక్కున్నవన్నీ బయటికి వస్తాయి. ఉక్కు సూదితో గెలకవద్దు, పళ్ల కొసలు విరుగుతాయి. శుభ్రం చేశాక ఆకురాయి ముఖం నిండా సుద్దముక్క రుద్దండి. తునకలు అతుక్కోవడం బాగా తగ్గుతుంది, దులిపితే సుద్దతోపాటే రాలతాయి. అల్యూమినియం పని తరచూ ఉంటే ఒకే వరస పళ్లున్న ఆకురాయి కొనుక్కోవడం మంచిది.

పడిన లోతు గీతను స్మూత్‌తోనే అరగదీయాలని కూర్చోకండి. ఒక మెట్టు వెనక్కి వెళ్లి సెకండ్ కట్‌తో జాబ్ ముఖమంతా సమం చేసి మళ్లీ రండి.

మధ్యలో ఉబ్బు, అంచులు గుండ్రం

నేర్చుకునేవాళ్లను ఎక్కువ ఏడిపించేది ఇదే. ఆకురాయి పైకీ కిందికీ తూగుతోంది, అంతే. తోపు (ఒకసారి ముందుకు నెట్టడం) మొదట్లో ముందు చేతి బరువు, మధ్యలో రెండు చేతులదీ సమానంగా, చివర్లో పిడి చేతి బరువు ఎక్కువ ఉండాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువు పెడితే కొసలు కిందికి వాలి అంచులు తినేస్తాయి. బెంచి వైస్ (జాబ్‌ను దవడల మధ్య బిగించి పట్టే సాధనం) ఎత్తు కూడా చూసుకోండి. దవడల పైభాగం మీ మోచేతి ఎత్తులో ఉండాలి. ఎత్తు మరీ తక్కువైతే నడుం వంగి తోపు వాలుతుంది.

దిద్దడానికి, ఒక మూల నుంచి ఏటవాలుగా కొంతసేపు, తర్వాత రెండో మూల నుంచి అడ్డంగా కొంతసేపు రుద్దండి. కొత్త గీతలు పాతవాటిని ఎక్కడ కోస్తున్నాయో అదే ఎత్తైన చోటు. మూలమట్టం అంచు ఆనించి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే సందు తెలిసిపోతుంది. చాలా ఆకురాళ్ల ముఖం పొడవునా కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బును మధ్యలోని ఎత్తు మీదే ఆనించి చిన్న చిన్న తోపులతో తీయవచ్చు. నిమిషానికి 40 నుంచి 60 తోపులు చాలు. అంతకన్నా తొందరపడితే చేయి అదుపు తప్పుతుంది.

కీచుమంటూ అదురుతోంది

జాబ్ వైస్ పైకి ఎక్కువ లేచి ఉంది. కిందికి దించి బిగించండి. పలచని రేకైతే వెనక కర్రముక్క ఆనించండి.

కొత్తదే, అప్పుడే మొద్దుబారింది

వెనక్కి లాగేటప్పుడు కూడా ఒత్తి ఉంటారు. పళ్లు ముందుకే కోస్తాయి, వెనక్కి వచ్చేటప్పుడు బరువు తీసేయాలి. ఇత్తడికి పదును ఎక్కువ కావాలి కాబట్టి కొత్తదాన్ని ముందు ఇత్తడికి వాడి, ఆ పదును తగ్గాక ఉక్కుకు దించాలి. ఉక్కు మీద వాడినది మళ్లీ ఇత్తడి మీద సరిగా పట్టదు. ఒకదాని మీద ఒకటి పడేసినా పళ్లు పోతాయి, విడివిడిగా వేలాడదీయండి. వానాకాలం మన వైపు తేమకు తుప్పు తొందరగా పడుతుంది. ఒక్కోదాన్నీ పొడి గుడ్డలో చుట్టి పెట్టండి.

పిడి లేకుండా మాత్రం ఎవరూ వాడవద్దు, పిల్లలచేత అసలే వాడించవద్దు. జాబ్‌కు తట్టుకుని ఆగిందంటే ఆ మొన నేరుగా అరచేతిలో దిగుతుంది. పిడి వదులైతే మొనను రంధ్రంలో పెట్టి, ఆకురాయి పైకి ఉండేలా పట్టుకుని, పిడి అడుగును బెంచి మీద తట్టండి. తన బరువుకే బిగుసుకుంటుంది. ఆకురాయిని సుత్తితో కొట్టకండి, అది పెళుసు ఉక్కు, ముక్కలై కంట్లోకి ఎగురుతుంది.